గుడారములు కుటీరములైన కథ

మన దేశమున తిరునాళ్ల నెరుగనివారు లేరు. పంట యిల్లు చేరిన పిమ్మట బండ్లకు గూడులు గట్టి, ఎడ్ల మెడలకు మువ్వలు వేసి, బియ్యము పప్పు కుండలతో ఆలుబిడ్డలను వెంటగొని పోయి, కొండక్రిందనో యేటిగట్టుననో చెట్టునీడ మూడు రాళ్లు పెట్టి వండుకొని, రెండు మూడు దినములు దైవస్మరణతో గడపి వచ్చుట మన పూర్వులనాటి యాచారము. కార్తికమాసమున ఉసిరికచెట్టు క్రింద వనభోజనము చేయుటయు నిట్టిదే. భక్తియు, కుటుంబమునకు విశ్రాంతియు, ఆరుబయటి గాలియు నొక్కచోట గూడిన సందర్భము లివి. ఇట్టి యాచార మొకటి 1800 ప్రాంతమున అమెరికా దేశపు క్రైస్తవులలో పుట్టి, నూరేండ్లు గడచునప్పటికి పూర్తిగా వేరొక రూపము దాల్చినది. బట్టగుడారములతో మొదలిడి కొయ్యయిండ్లతో నిలిచిన ఆ చరిత్రను, ఆ మార్పులో వారు పొందిన దానిని, పోగొట్టుకొన్న దానిని నేడు మీకు మనవి చేసెదను.

క్రైస్తవులకు ఈ భావము బైబిలునుండియే వచ్చినది. లేవీయకాండము ఇరువదిమూడవ అధ్యాయమున పర్ణశాలల పండుగ యొకటి విధింపబడియున్నది. పంట కూర్చుకొనిన తరువాత ఇశ్రాయేలీయులు ఏడు దినములు తమ యిండ్లను విడిచి, కొమ్మలతోను ఆకులతోను వేసిన పందిళ్లలో నివసింపవలెను. ఐగుప్తు దాస్యమునుండి బయలువెడలి అరణ్యమున తిరుగాడిన తమ పితరుల నాటి స్థితిని మరువకుండుటకై ఆ నియమ మేర్పడెను. మేడగలవాడును పూరిగుడిసెవాడును ఆ యేడు దినములు ఆకుల నీడనే పరుండవలెను గదా! అమెరికాలోని బోధకులు తమ గుడారముల సభలను వర్ణించునప్పుడు తరచుగ ఈ పండుగనే జ్ఞప్తికి తెచ్చుచుండిరి.

పదునెనిమిదవ శతాబ్దము ముగియునాటికి అమెరికా సంయుక్త రాష్ట్రములు నూతనముగ స్వాతంత్ర్యము పొందిన దేశము. తూర్పు సముద్రతీరమున పట్టణములును దేవాలయములును గలవు. పర్వతములు దాటి పడమటికి బోయినవారు మాత్రము అడవులు నరకి, దూలములతో గుడిసెలు గట్టుకొని, పొరుగింటి పొగ కానరానంత యెడముగ నివసించుచుండిరి. కెంటకీ సీమ 1792లో రాష్ట్రమైనది. 1800లో అందలి మిక్కిలి పెద్ద పట్టణమగు లెక్సింగ్టనులోనే జనసంఖ్య రెండువేలకు లోపు. బోధకుడు ఎన్నడో యొకప్పుడు గుఱ్ఱము నెక్కి వచ్చువాడు. బిడ్డకు బాప్తిస్మ మిప్పింపవలెనన్నను, ఆతని రాకకై కాచుకొనవలసినదే. ఆ జనులకు దైవచింతన యెంత కరవో, తోడిమనుష్యుని ముఖము చూచుటయు నంత కరవు.

ఆ వలసజనులలో స్కాట్లాండునుండియు ఉత్తర ఐర్లాండునుండియు వచ్చిన ప్రెస్బిటేరియను శాఖవారు పెక్కుమంది. వారి పాతదేశమున ప్రభుభోజన సంస్కారమును తరచుగ గాక, ఏడాదికి ఒకటి రెండు సారులు మాత్రము, కొన్ని దినముల పండుగగా, ఆరుబయట జరుపుకొను వాడుక యుండెను. జేమ్సు మెక్‌గ్రెడీ యను బోధకుడు ఆ వాడుకనే కెంటకీ యడవులకు దెచ్చెను. 1800వ సంవత్సరము జూలై మాసమున గాస్పరు నదియొద్ద ఆయన జరిపిన కూటమునకు జనులు బండ్లతో వచ్చి, బండ్ల క్రిందను, దుప్పట్లు కప్పిన కొయ్యల క్రిందను పరుండి, దినముల తరబడి నిలిచిపోయిరి. క్యాంపు మీటింగు, అనగా గుడారముల సభ, యను దానికి ఇదియే తొలిరూపమని చరిత్రకారులు పెక్కుమంది చెప్పుదురు.

మరుసటి యేడు, అనగా 1801 ఆగస్టు మాసమున, కేన్ రిడ్జి యనుచోట బార్టన్ స్టోన్ అను బోధకుని యాధ్వర్యవమున జరిగిన సభ లోకప్రసిద్ధమైనది. ఆ దూలముల దేవాలయమున కొన్ని వందలమందికి మించి పట్టరు. వచ్చినవారో, చూచినవారి యంచనాలను బట్టి, పదివేలనుండి ఇరువదియైదువేల వరకు! ప్రెస్బిటేరియనులు, మెథడిస్టులు, బాప్తిస్టులు అను శాఖాభేదము లేక బోధకులు కొందరు వేదికపైనుండియు, కొందరు బండ్లపైనుండియు, కొందరు నరకిన చెట్టు మొద్దులపైనుండియు ఏకకాలమున బోధించుచుండిరి. వినువారు ఏడ్చిరి, వణకిరి, పెక్కుమంది స్పృహదప్పి నేలబడిరి. మన జాతరలలో పూనకము జూచినవారికి ఆ దృశ్యము కొంత ఊహ కందును. సుమారు వారము దినములకు మనుష్యులకును గుఱ్ఱములకును తెచ్చుకొనిన మేత యయిపోగా సభ ముగిసెను. ఆ యుద్రేకములో వింతపోకడలు పెక్కు గలవని స్టోన్ తానే తరువాత వ్రాసియున్నాడు. అయినను దానివలన గలిగిన మేలును ఎవ్వరును కాదనజాలరనియు నాయనయే వ్రాసెను.

ప్రెస్బిటేరియను పెద్దలలో పెక్కుమందికి ఈ కేకలు నచ్చక వెనుదీసిరి. మెథడిస్టులు దీనిని చేపట్టిరి. వారి బిషప్పు ఫ్రాన్సిసు ఆస్బరీ ఇంగ్లండునుండి 1771లో వచ్చి, 1816లో మరణించువరకు గుఱ్ఱముమీదనే జీవితమంతయు గడపినవాడు. ఆయన ఈ సభలను ప్రతి ప్రాంతమునను జరుపుడని తన బోధకులను ప్రోత్సహించెను. వారి చేతిలో ఆ గందరగోళమునకు ఒక క్రమ మేర్పడినది. నీటివసతియు నీడయు గల తోపు నేరుకొందురు. నడుమ బోధకుల వేదిక. దాని యెదుట పలకల బల్లలు. పురుషులొక వైపు, స్త్రీలొక వైపు. చుట్టును వలయముగ గుడారముల వరుసలు. వాని వెనుక బండ్లును పశువులును. మనిషి యెత్తు కొయ్యల మంచెలపై మట్టి పరచి, దానిమీద రాత్రియంతయు మంటలు వేయుచుండిరి. ఉదయమున కొమ్ము ఊదగా లేవవలెను. కుటుంబ ప్రార్థనము, భోజనము, బోధ, మరల భోజనము, మరల బోధ. రాత్రి కావలివారు తిరుగుచుండిరి. సారాయి యంగళ్లవాండ్రు జనము నాశించి తోపు చుట్టు చేరుచుండగా, కొన్ని రాష్ట్రములు సభాస్థలమునకు సమీపమున మద్యము విక్రయింపరాదని శాసనములు చేయవలసివచ్చినది. జనము గూడినచోట సంతయు గూడుట ఏ దేశమునందైనను తప్పదు గాబోలు!

ఈ సభల కాలము గూడ సేద్యగాండ్రు నిర్ణయించినదే. దక్షిణ రాష్ట్రములలో పైరునకు తుది కలుపుతీత ముగిసి, కోత మొదలుగాకముందు కొన్ని వారములు తీరిక. జూలై చివరను, ఆగస్టులోను ఆ తీరిక దొరకును. ఆ దినములలోనే సభ. ఏడాది పొడుగునను అడవినడుమ ఒంటరిగ బ్రదికిన గృహిణికి పదిమంది స్త్రీలతో మాటలాడు భాగ్యము అప్పుడే. వంటపని అచ్చటను ఆమెను విడువలేదు. అయినను తన గుడారములో ప్రార్థన నడుపుటకును, తన యనుభవమును నలుగురిలో చెప్పుటకును అచ్చట ఆమెకు వీలు గలిగెను. దేవాలయమున నోరు మెదపరాని స్త్రీ అడవిలో మాటలాడగలిగినది. జెరీనా లీ యను నల్లజాతి స్త్రీ ఇట్టి సభలలో బోధించుచు దూరదేశములు తిరిగి, 1836లో తన జీవితకథను తానే వ్రాసి ప్రకటించెను.

ఇచ్చట మరువరాని విషయ మొకటి కలదు. ఆ దేశపు దక్షిణ భాగమున ఆ కాలమున ఆఫ్రికా జాతివారు బానిసలుగ నుండిరి. వారును సభలకు వచ్చుచుండిరి. వారి చోటు వేదికకు వెనుక; కొన్ని తావుల నడుమ పలకల దడి కూడ నుండెను. బోధకుని ముఖము యజమానుల వైపు, వీపు బానిసల వైపు. అయినను రాత్రి బోధలు ముగిసిన పిమ్మట వెనుకభాగమున వారు వలయముగ తిరుగుచు తెల్లవారువరకు పాడెడి పాటలు దడి దాటి వినబడుచుండెను; తెల్లవారు సైతము ఆ బాణీలను అందిపుచ్చుకొనుచుండిరి. 1819లో జాన్ వాట్సన్ అను మెథడిస్టు ఈ పాటలు తమ సంప్రదాయమును చెరచుచున్నవని పుస్తకము వ్రాసి వాపోయెను. ఆ విలాపమే నేడు ఆ పాటల ప్రాచీనతకు సాక్ష్యమై నిలిచినది. కొన్ని సభలలో కడపటి దినమున ఆ దడిని పెరికివైచి, ఉభయ జాతులవారును కలిసి పాడుచు తోపు చుట్టును ప్రదక్షిణముగ నడచువారట! ఒక్కదినము పడిన దడి మరుసటి యేడు మరల లేచుచుండెను.

ఇక ఉత్తరమున జరిగిన మార్పును చూతము. మసాచుసెట్సు రాష్ట్రపు తీరమున మార్తాస్ వైన్‌యార్డు అను దీవి గలదు. 1835 ఆగస్టులో ఎడ్గర్‌టౌను వాసియగు జెరిమయా పీజ్ అచ్చటి ఓకు చెట్ల తోపు నొకదానిని సభకై యేర్పరచెను. ఆ యేడు వేసిన గుడారములు తొమ్మిది. ఒక్కొక్క గుడారము ఒక్కొక్క ఊరి సంఘమునకు చెందినది, నడుమ తెర, ఒక వైపు స్త్రీలును, ఒక వైపు పురుషులును గడ్డిమీద పరుండువారు. ఆ తోపునకు వెస్లియన్ గ్రోవ్ అని పేరు పెట్టిరి. ఏటేట జనము పెరిగెను. కొన్నాళ్లకు, సంఘపు గుడారములో గాక మా కుటుంబమునకు మాకే వేరు గుడారము కావలెనని కొందరు కోరిరి. మొదట పెద్దలు సంశయించిరి, పిమ్మట అనుమతించిరి. తరువాత గుడారమునకు కొయ్యనేల వేసిరి. ఆపైని ముందు తలుపు వచ్చెను. 1860 తరువాతి యేండ్లలో గుడారము తొలగి, అదే నేలమీద, అదే కొలతను, చిన్న కొయ్యయిల్లు లేచెను.

ఆ యిండ్ల రూపము చూడవలసినది. గుడారపు వాకిలి రెండు రెక్కలుగ తెరచుకొనునట్లే ఇంటికిని జంటతలుపులు. కొసదేరిన కిటికీలు దేవాలయపు కిటికీలను బోలియుండును. చూరులకు లేసువలె చెక్కిన కొయ్యపని. పొరుగింటి మాట వినబడునంత దగ్గర. అప్పటికి రంపపుయంత్రములు వచ్చుటచే చెక్కడపుపని చవుకయైనది. 1880 నాటికి అట్టివి సుమారు ఐదువందల వరకు లేచినవి; మూడువందలకు మించి నేటికిని నిలిచియున్నవి. నేల సభాసంఘముది, ఇల్లు మాత్రము కుటుంబముది. 1879లో వలయము నడుమ ఇనుముతో పెద్ద సభామండపము గట్టిరి. 1869లో మొదలైన దీపోత్సవము ప్రసిద్ధమైనది. ఆ రాత్రి యింటింటను కాగితపు లాంతరులు వెలిగింతురు.

వారము దినముల సభకు వచ్చినవారు క్రమముగ నెల యుండిరి. తరువాత వేసవియంతయు నుండిరి. సముద్రస్నానములు, నావవిహారములు, బంతియాటలు మొదలయ్యెను. వర్తకులు ఈ సొంపు గ్రహించి, 1866లో భూముల కంపెనీ యొకటి స్థాపించి, ప్రక్కనే నేల కొని, హోటళ్లును వీథులును ఏర్పరచి స్థలముల నమ్మజొచ్చిరి. అదియే తరువాత ఓక్ బ్లఫ్సు అను ఊరైనది. సభాసంఘపు పెద్దలు కలవరపడి, లోకము లోనికి రాకుండ తమ తోపుచుట్టు ఏడడుగుల కంచె వేయించిరి. అయినను కంచె లోపలి యిండ్లకును వెలుపలి యిండ్లకును భేదము నానాటికి తరుగుచునే వచ్చెను. మత పత్రికలలో వాదములు చెలరేగినవి: దేవుని కొరకు వచ్చుచున్నామా, గాలి కొరకా? నెలలు తరబడి వ్యాపారములలో మునిగి నలిగిన దేహమునకు విశ్రాంతి నిచ్చుటయు దైవకార్యమే యని కొందరు. విశ్రాంతి ముందు బల్లమీద కూర్చుండి, ప్రార్థన వెనుక బల్లకు బోయినదని కొందరు.

ఈ ప్రశ్నకు చట్టముతో సమాధానము చెప్పజూచిన ఊరు న్యూజెర్సీ రాష్ట్రములోని ఓషన్ గ్రోవ్. విలియం ఆస్బరన్ అను మెథడిస్టు బోధకుడు సముద్రతీరమంతయు వెదకి, ఎత్తైన యిసుకగట్టును, చెట్ల నీడయు, దోమల కొరతయు గల చోటు నేరుకొనెను. 1869 జూలై 31వ తేదీన సుమారు ఇరువదిమంది ఒక గుడారమున మొదటి ప్రార్థన చేసిరి. మరుసటి యేడు రాష్ట్రప్రభుత్వము ఆ సంఘమునకు ఊరిని పాలించు నధికారపత్ర మిచ్చెను. మద్యము నిషిద్ధము. ఆదివారము సముద్రస్నానము లేదు, క్రయవిక్రయములు లేవు. ఊరి ద్వారములకు గొలుసులు వేసి యొక్క బండిని గూడ వీథులలో తిరుగనీయరు. మోటారుకార్లు వచ్చిన తరువాతను ఆదివారపు నియమము తప్పలేదు. మతసంఘము ప్రభుత్వాధికారము చేయుట రాజ్యాంగ విరుద్ధమని 1979లో న్యూజెర్సీ ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పువరకు ఆ గొలుసులు నిలిచినవి. 1894లో అచ్చట తొంబదిరెండు దినములలో కట్టిన మహాసభాభవనము నేటికిని వాడుకలో నున్నది. దాని చుట్టును 114 గుడారములు ఇప్పటికిని ప్రతి వేసవిని లేచుచున్నవి. ఒక్కొక్క గుడారము వెనుక చిన్న కొయ్యగది. శీతకాలమున బట్టను మడచి అందు భద్రపరతురు.

మూడవ మార్గము విద్య. న్యూయార్కు రాష్ట్రమున షటాక్వా యను సరస్సు తీరమున పాత సభాస్థల మొకటి యుండెను. 1874 ఆగస్టు 4వ తేదీన అచ్చట జాన్ విన్సెంటు అను మెథడిస్టు బోధకుడును, లూయీ మిల్లరు అను వ్యవసాయ యంత్రముల నిర్మాతయు ఆదివారపు బడి ఉపాధ్యాయులకు రెండు వారముల శిక్షణసభ నేర్పాటు చేసిరి. విన్సెంటునకు గుడారముల సభల యుద్రేకము రుచింపదు. భక్తికి తోడు తెలివియు నుండవలెనని ఆయన పట్టుదల. సరస్సునే మధ్యధరా సముద్రముగ నెంచి, గట్టుమీద యెరూషలేము, యొర్దాను మున్నగువానిని మట్టితో తీర్చి పాలస్తీనాదేశపు నమూనాను బిడ్డలకు చూపిరి. 1878లో ఆయన ఇంటియొద్దనే నాలుగేండ్లు చదువుకొను పఠనసంఘమును స్థాపించెను. కళాశాల మెట్టు ఎక్కని పల్లెజనులు, అందును గృహిణులు, వేలకొలది అందు చేరిరి. వేసవి విహారము అక్షరముతో ముడిపడుట అచ్చటి విశేషము. మిల్లరు కుమార్తె మైనాను విద్యుద్దీపముల ఖ్యాతిగాంచిన ఎడిసను 1886లో వివాహమాడెను.

ఇంతవరకు చెప్పిన దానిలో లాభమేది? నష్టమేది? లాభము ప్రత్యక్షము. తండ్రి కర్మాగారమునను, తల్లి వంటయింటను, బిడ్డలు వీథిలోను చెదరియున్న పట్టణకుటుంబమునకు ఏడాదిలో కొన్ని వారములైనను ఒక్క చూరు క్రింద, ఒక్క ప్రార్థనలో కూర్చుండు నవకాశము చిక్కినది. తాత కట్టిన కుటీరమునకు మనుమడు తన బిడ్డలను తీసికొనిపోవుచున్నాడు. దక్షిణ కెరొలైనాలో ఇండియన్ ఫీల్డ్సు అను స్థలమున సభామండపము చుట్టు తొంబదితొమ్మిది కొయ్యగుడిసెలు వలయముగ నున్నవి. బట్ట పోయి నూరేండ్లు దాటినను వానిని నేటికిని గుడారములనియే పిలుతురు. మాటలో జ్ఞాపకము దాగియున్నది.

నష్టము అంత సులభముగ కానరాదు. గుడారములో క్రొత్తవానికి చోటు చేయుట తేలిక: బట్టను నాలుగు మూరలు జరిపిన చాలును. గోడ జరుగదు. సంఘపు గుడారములో గడ్డిమీద దర్జీవాడును షాహుకారును ప్రక్కప్రక్కన పరుండిరి. కుటీరములు వచ్చిన పిమ్మట కొనగలవాడే వచ్చెను. అడవిలో బోధకునికై యలమటించిన యొంటరి కాపు కొరకు పుట్టిన యాచారము, తుదకు సుఖజీవనముగల పట్టణవాసుల వేసవి యాచారముగ మారెను. విశ్రాంతి భక్తిని చెరచినదను వాదము నాకు సరిగ తోపదు. విశ్రాంతిదినమును విధించినది ఆ మతమే గదా! చెరచినది స్వంతము. నీడ అందరిదైనంతకాలము తోపు పుణ్యక్షేత్రము. నీడను కొలిచి పంచుకొనిన దినమున అది పేట యగును.

వేదిక వెనుక నిలిచిన వారి సంగతి యేమైనది? 1865లో బానిసత్వము రద్దయిన పిమ్మట వారు తమ సభాస్థలములను తామే యేర్పరచుకొనిరి. దక్షిణ కెరొలైనాలోనే 1880లో నల్లజాతివారు స్థాపించిన సెయింట్ పాల్ స్థలమున నడుమ కొయ్యమండపము, చుట్టును కుటుంబముల గుడిసెలు గలవు. అందు వెనుక చోటు లేదు. ఇక మార్తాస్ వైన్‌యార్డు దీవికి చార్లెసు షియరరు అను నతడు వచ్చుచుండెను. ఆయన వర్జీనియాలో బానిసగ పుట్టి, విడుదలయై, హాంప్టను విద్యాలయమున చదివి, బోస్టనులో స్థిరపడినవాడు. ఓక్ బ్లఫ్సులోని బాప్తిస్టు సభామండపమునకు ప్రార్థనకై వచ్చుచు, దాని సమీపమున 1903లో ఆయనయు భార్య హెన్రియెట్టాయు ఇల్లు కొనిరి. నల్లజాతి యాత్రికులను హోటళ్లలో చేర్చుకొనని దినము లవి. కావున 1912లో ఆ దంపతులు తమ యింటనే పండ్రెండు గదుల వసతిగృహము తెరచిరి. బోధకులు, గాయకులు, విద్యావంతులు సకుటుంబముగ అచ్చటికి వచ్చిరి. నల్లజాతి కుటుంబములకు ఆ ఊరు వేసవి నివాసముగ ప్రసిద్ధికెక్కుటకు అది యొక మూలము. గోడలు పెరిగినచోట తలుపు తెరచినవాడు, ఒకనాడు వెనుక నిలబెట్టబడిన జాతివాడే యగుట గమనింపదగినది.

మన దేశమునందును ఈ పరంపరకు చుట్టరికము గల సభలు కలవు. కేరళమున పంపానది యిసుకతిన్నెలపై 1895 నుండి మారామన్ మహాసభ జరుగుచున్నది. ఫిబ్రవరి మాసమున నీరు తగ్గిన యేటిలో ఎనిమిది దినములు పందిరి క్రింద వేలకొలది జనము యిసుకమీద కూర్చుండి విందురు. అమెరికా మెథడిస్టు మిషనరీయగు స్టాన్లీ జోన్సు 1907లో మన దేశమునకు వచ్చి, గాంధీమహాత్ముని, రవీంద్రుని ఆశ్రమములను జూచి, 1930లో హిమాలయపు కొండలలో సాత్ తాల్ అను సరస్సు తీరమున వేసవి ఆశ్రమము స్థాపించెను. అందు చేరినవారు బిరుదులను విడిచి ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకొనవలెను. దినమున కొంతసేపు మౌనము, కొంతసేపు కాయకష్టము. పాకీపనిని సైతము సభ్యులే వంతులవారీగ చేసిరి. కొండమీది చల్లదనమును అనుభవించుచు, క్రింద మైదానమున విడిచిపెట్టలేని గర్వమును అచ్చట విడుచుటకు అది సాధనము.

తెలుగువారి కెక్కువ పరిచయమైనది భక్తసింగు గారి సభ. పంజాబులో 1903లో పుట్టిన ఆయన 1941 డిసెంబరులో మద్రాసున మొదటి పరిశుద్ధ సమావేశము జరిపెను; తరువాత హైదరాబాదు వీరి కార్యములకు ముఖ్యస్థానమైనది. ఆయన యాధారము గూడ లేవీయకాండము ఇరువదిమూడవ అధ్యాయమే. గుంటూరు మొదలగు ప్రాంతములనుండి కుటుంబములు చాపలు చుట్టుకొని వచ్చి, పెద్ద పందిళ్లలో దినముల తరబడి యుండి, నేలమీద బంతులుగ కూర్చుండి యొక్కటే వంట భుజించుచుండిరి. కులము విడిచి చేరినను కులపు వాసన వీడని రోజులలో, ఒకే పంక్తిని ఒకే గిన్నెలోని అన్నము తినుట బోధకంటె బలమైన బోధ. భక్తసింగు గారు 2000 సెప్టెంబరులో హైదరాబాదున పరమపదించిరి.

పెద్దలారా! ఏ మతమువారి యుత్సవమైనను ఈ చరిత్రలో తన ముఖమును చూచుకొనవచ్చును. తొలినాడు తోపులో కొమ్మలు విరిచి పందిరి వేసికొందుము. కొన్నేండ్లకు ఇచ్చట మాకు వాడుకగ వచ్చు చోటు అందుము. మరికొన్నేండ్లకు అది మా వంశపు హక్కు అందుము. ఆ పిమ్మట రాతిసత్రము, దానికి తాళము, తాళమునకు తగవు. ఊరి పెద్దలకు ఉత్సవ నిర్వాహకత్వము తరచుగ మీ చేతులలోనే యుండును. నీటిరేవు, చెట్టునీడ, వంటపొయ్యి, పందిరి ఇవి ఎవరి కెంతదూరమున నున్నవో ఏడాదికొకసారి నడచి చూచుట మంచిది. వేదికకు వెనుకప్రక్క నిలిచినవారెవ్వరో, వారు అచ్చట తమంత నిలిచిరో నిలుపబడిరో, వేదికమీద కూర్చున్నవారికి కానరాదు. లేచి, దిగి, చుట్టి రావలెను.

ఆలుబిడ్డలతో ఆరుబయట కొన్ని దినములు గడపుట ఆరోగ్యమునకు మేలు, కుటుంబమునకు మేలు, భక్తికిని మేలు. ఎంత చిన్న గుడారమైనను ఇంకొక చాప పట్టునంత చోటుండునట్లు దానిని వేసికొనుట మాత్రము మన చేతిలోని పని.